ఎంఆర్ఎన్ఏ నాలుగు రెట్లు పెరిగింది, ప్రోటీన్ మాత్రం కదల్లేదు. ఎక్కడ తప్పు చేశాను?

కొత్తవిత్తు:

అందరికీ నమస్కారం. డిగ్రీలో జెనెటిక్స్ చదివాను, మార్కులూ బాగానే వచ్చాయి. రెండు నెలల క్రితం ఒక మాలిక్యులర్ జెనెటిక్స్ ల్యాబ్‌లో చేరాక, చదివినదానికీ ఇక్కడ చేస్తున్నదానికీ మధ్య ఎంత దూరం ఉందో తెలిసొచ్చింది. ఇక్కడ సీనియర్లు ఓపిగ్గా చెప్తారని అడుగుతున్నా, పోస్ట్ కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

విషయం ఇది. మేం ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలకి ఒక మందు ఇచ్చి, 6 గంటల తర్వాత ఒక జీన్ పని పెరిగిందా తగ్గిందా చూడాలి. ఆర్ఎన్ఏ తీశాను, దాన్ని సీడీఎన్ఏగా (ఆర్ఎన్ఏకి డీఎన్ఏ నకలు) మార్చాను, ఆ జీన్ ఎంఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీకి నమూనాగా పనిచేసే ఆర్ఎన్ఏ) ఎంతుందో కొలవడానికి క్యూపీసీఆర్ పెట్టాను. మందు ఇవ్వని కణాలతో పోలిస్తే నాలుగు రెట్లు ఎక్కువ వచ్చింది. మూడుసార్లు చేసినా అదే అంకె. నా మొదటి ఫలితం కదా, చాలా సంతోషమేసింది. తర్వాత అదే బ్యాచ్ కణాల నుంచి ప్రోటీన్ తీసి, యాంటీబాడీతో ఒక ప్రోటీన్‌ని బ్యాండ్‌గా చూపించే వెస్టర్న్ బ్లాట్ చేస్తే రెండు బ్యాండ్లూ ఒకేలా ఉన్నాయి, ఎంత పరీక్షగా చూసినా తేడా లేదు. జీన్ నుంచి ఆర్ఎన్ఏ, ఆర్ఎన్ఏ నుంచి ప్రోటీన్ అనే కదా మనం చదువుకుంది? మరి ఆర్ఎన్ఏ నాలుగింతలైతే ప్రోటీన్ ఎందుకు కాలేదు? రెండిట్లో ఏదో ఒకటి తప్పై ఉండాలి కదా? వారం రోజులుగా ఇదే టెన్షన్.

దీనికి ముడిపడిన సందేహం ఇంకోటి. లాక్ ఆపరాన్ (బ్యాక్టీరియాలో లాక్టోజ్ చక్కెరని వాడుకునే జీన్ల గుంపు) బొమ్మ కళ్లు మూసుకుని గీస్తాను. జీన్లని ఆపే రిప్రెసర్ వచ్చి ఆపరేటర్ మీద కూర్చుంటుంది, లాక్టోజ్ వస్తే లేచిపోతుంది, జీన్లు ఆన్ అవుతాయి. కానీ ఇది 1961 నాటి సంగతి అంటారు. అప్పటికి డీఎన్ఏ సీక్వెన్స్ చదివే పద్ధతే లేదు. మరి రిప్రెసర్ అనేది ఒకటుందనీ, అది ఎక్కడో వేరే జీన్ నుంచి వస్తుందనీ, ఆపరేటర్ మాత్రం ఏదీ తయారుచేయని ఒక చోటు అనీ వాళ్లకి ఎలా తెలిసింది?

ఇక టెక్నిక్‌లు. పీసీఆర్, క్యూపీసీఆర్, నార్తర్న్, వెస్టర్న్, జెల్ షిఫ్ట్, చిప్, రిపోర్టర్, అటాక్‌సీక్, క్రిస్పర్... ఒక్కోటి ఎలా చేయాలో ప్రోటోకాల్ ఫైల్లో ఉంది. ఏది ఎప్పుడు, ఎందుకు చేయాలో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మీరు దీన్ని మనసులో ఎలా సర్దుకున్నారో చెప్తారా?


రాత్రిజెల్:

ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి, మీ రెండు ఫలితాలూ నిజమే అయ్యుండొచ్చు.

మీరు కణాన్ని రెండు వేరు ప్రశ్నలు అడిగారు. ఈ క్షణాన ఈ ఎంఆర్ఎన్ఏ ఎంత ఉంది అనేది క్యూపీసీఆర్ చెప్పింది. ఈ క్షణాన ఈ ప్రోటీన్ నిల్వ ఎంత ఉంది అనేది వెస్టర్న్ చెప్పింది. నిల్వలో నిన్న తయారైనదీ ఉంటుంది, మొన్న తయారైనదీ ఉంటుంది. తొట్టిలో పడే ధారని నాలుగింతలు చేసినంత మాత్రాన తొట్టిలో నీళ్లు ఆ నిమిషానికే నాలుగింతలు అవ్వవు కదా.

లెక్క వేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మీ ప్రోటీన్ హాఫ్ లైఫ్ 48 గంటలు అనుకోండి, అంటే ఉన్నదాంట్లో సగం పోవడానికి అంతసేపు పడుతుంది. మందు పడిన క్షణమే ఎంఆర్ఎన్ఏ నాలుగింతలై అలాగే నిలబడిపోయిందని కూడా అనుకోండి. మొదట 1 ఉన్న ప్రోటీన్ 6 గంటలకి 1.25 అవుతుంది, అంతే. 24 గంటలకి 1.9 దాకా వస్తుంది, 48 గంటలకి 2.5. నాలుగుకి దగ్గర పడాలంటే వారం దాటాలి. వెస్టర్న్‌లో 25 శాతం తేడా కంటికి ఆనడం చాలా కష్టం, బ్యాండ్ కాస్త చిక్కగా ఉంటే అసలే కనపడదు. ఈ 48 అనే అంకె నేను ఊరికే తీసుకోలేదు. 2011లో ఎలుక ఫైబ్రోబ్లాస్ట్ కణాల్లో కొన్ని వేల జీన్లని ఒకేసారి కొలిచిన పని ఒకటుంది, అందులో ఎంఆర్ఎన్ఏల హాఫ్ లైఫ్ మధ్యస్థం 9 గంటల దగ్గర, ప్రోటీన్లది 46 గంటల దగ్గర తేలింది. అందుకే 6 గంటల దగ్గర రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం ఆ ప్రోటీన్‌కి అన్యాయం చేసినట్టే.

ఇది కాక, కణం ఎంఆర్ఎన్ఏ దగ్గర ఆగిపోకుండా ప్రోటీన్ దగ్గర వేరే పగ్గం వేయడం కూడా మామూలే. ఇనుముని దాచిపెట్టే ఫెరిటిన్ సంగతి చూడండి. దాని ఎంఆర్ఎన్ఏ కణంలో ముందే సిద్ధంగా ఉంటుంది. ఇనుము తక్కువగా ఉన్నప్పుడు ఒక ప్రోటీన్ వచ్చి ఆ ఎంఆర్ఎన్ఏ మొదట్లో అతుక్కుని రైబోజోమ్‌ని ముందుకి పోనివ్వదు, ఇనుము పెరిగితే వదిలేస్తుంది. అక్కడ ఎంఆర్ఎన్ఏ కొలిచి కూర్చుంటే అసలు కథే కనపడదు. పీ53 అనే ప్రోటీన్ ఇంకో రకం. మామూలు కణంలో అది తయారవుతూనే ఉంటుంది, ఎండీఎం2 అనే ప్రోటీన్ దానికి గుర్తు వేసి నిమిషాల్లో ముక్కలు చేయిస్తూనే ఉంటుంది. డీఎన్ఏకి దెబ్బ తగిలితే ఆ ముక్కలు చేయడం ఆగుతుంది, ఎంఆర్ఎన్ఏ పెద్దగా మారకుండానే ప్రోటీన్ పేరుకుపోతుంది.

ఇక ఆ నాలుగు రెట్లని కూడా ఒకసారి గట్టిగా ప్రశ్నించాలి. క్యూపీసీఆర్‌లో ప్రతి సైకిల్‌కి ముక్కలు రెట్టింపు అవుతాయి, కాబట్టి నాలుగు రెట్లు అంటే రెండంటే రెండు సైకిళ్ల తేడా. రెండు సైకిళ్లు చిన్న పొరపాటుకే అటూ ఇటూ అయిపోతాయి. మూడు విషయాలు చెప్పండి. ఆర్ఎన్ఏని సీడీఎన్ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైమ్ వేయకుండా అదే ఆర్ఎన్ఏతో కంట్రోల్ పెట్టారా? పెట్టకపోతే మీరు కొలిచిందాంట్లో ఆర్ఎన్ఏతో పాటు వచ్చేసిన జీనోమిక్ డీఎన్ఏ ఎంతో తెలియదు. రిఫరెన్స్ జీన్ (పోల్చడానికి వాడే, మారకూడని జీన్) ఒక్కటే వాడారా? ఆ మందు వల్ల రిఫరెన్స్ జీనే మారిపోతే లెక్క మొత్తం ఒరిగిపోతుంది. ప్రైమర్ల (ఏ భాగాన్ని కాపీ చేయాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఎఫిషియెన్సీ చూశారా? పదింతలు పదింతలుగా పలచన చేసి గీత గీస్తే వాలు -3.3 దగ్గర రావాలి, అప్పుడే "సైకిల్‌కి రెట్టింపు" అన్న మాట మీ ప్రైమర్లకి వర్తిస్తుంది.

మూడుసార్లు అదే అంకె వచ్చిందన్నారు. మూడుసార్లూ అదే ఆర్ఎన్ఏ ట్యూబ్ నుంచా, లేక మూడు వేరు రోజుల్లో వేరుగా పెంచిన కణాల నుంచా? మొదటిదైతే మీ పిపెటింగ్ బాగుందని తెలుస్తుంది, కణాల గురించి కొత్తగా ఏమీ తెలియదు.


నీలికాలనీ:

లాక్ ఆపరాన్ ప్రశ్న అడిగినందుకు చాలా సంతోషంగా ఉంది. ఆ బొమ్మని నేనూ ఏళ్ల తరబడి బొమ్మగానే మోశాను, దాని వెనక ప్రయోగాలు చదివాకే జీన్ రెగ్యులేషన్ అంటే ఏంటో బుర్రకెక్కింది.

ప్యారిస్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్. జాక్ మోనో 1940ల నుంచీ ఒక చిన్న వింత వెంటపడ్డాడు: ఈ.కొలై బ్యాక్టీరియాకి గ్లూకోజ్, లాక్టోజ్ రెండూ కలిపి ఇస్తే అది ముందు గ్లూకోజ్ మొత్తం తినేసి, కాసేపు పెరగడం ఆపి, తర్వాత లాక్టోజ్ మొదలుపెడుతుంది. గ్రాఫ్‌లో రెండు మెట్లు కనపడతాయి. ఆ మధ్యలో ఆగిన కాసేపట్లో ఏం జరుగుతోంది అన్నదే ప్రశ్న. లాక్టోజ్‌ని విడగొట్టే బీటా గెలాక్టోసిడేజ్ ఎంజైమ్ అప్పుడు కొత్తగా తయారవుతోంది.

వాళ్ల దగ్గర సీక్వెన్సింగ్ లేదు, నిజమే. మ్యూటెంట్లు (జీన్‌లో మార్పు వచ్చిన బ్యాక్టీరియాలు) ఉన్నాయి, బ్యాక్టీరియాలని జత కలిపించడం తెలుసు. లాక్టోజ్ లేకపోయినా ఎంజైమ్‌ని ఆపకుండా తయారుచేసే మ్యూటెంట్లు దొరికాయి. వాటిలో ఒక రకం ఐ జీన్‌లో మార్పు ఉన్నవి. 1959లో పార్డీ, జాకబ్, మోనో ముగ్గురూ కలిసి చేసిన ప్రయోగం నాకు ఎప్పటికీ ఇష్టమైనది. మంచి ఐ జీన్, మంచి జెడ్ జీన్ (బీటా గెలాక్టోసిడేజ్‌ని తయారుచేసేది) ఉన్న బ్యాక్టీరియా నుంచి రెండూ చెడిపోయిన బ్యాక్టీరియాలోకి డీఎన్ఏ వెళ్లేలా చేశారు, లాక్టోజ్ లాంటిది ఏదీ వేయలేదు. డీఎన్ఏ లోపలికి వెళ్లిన కొద్ది నిమిషాలకే ఎంజైమ్ తయారవడం మొదలైంది, గంట గంటన్నరలో ఆగిపోయింది. ఎందుకాగింది? ఆ కొత్త కణంలో మొదట రిప్రెసర్ లేదు కాబట్టి జెడ్ జీన్ స్వేచ్ఛగా పనిచేసింది, ఈలోగా పక్కనే వచ్చిన ఐ జీన్ ఏదో పదార్థాన్ని తయారుచేసి కణమంతా నింపింది, అది వచ్చి జెడ్‌ని ఆపేసింది. ఆగిపోయాక ఇండ్యూసర్ (లాక్టోజ్ లాగా జీన్లని ఆన్ చేసే పదార్థం) వేస్తే మళ్లీ మొదలవుతుంది. కంటికి కనపడని ఒక పదార్థం ఉందని, అది ఆపే రకానిదని, కణంలో తిరుగుతుందని కేవలం టైమ్ చూసి పట్టుకున్నారు!

ఇక ఆపరేటర్. ఆపకుండా ఎంజైమ్ చేసే మ్యూటెంట్లలో రెండో రకం ఉంది, వీటిని ఓసీ అంటారు. ఒకే బ్యాక్టీరియాలో లాక్ జీన్లు రెండు కాపీలు ఉండేలా చేశారు. ఐ జీన్ చెడిన కాపీ పక్కన మంచి ఐ జీన్ ఉన్న కాపీ పెడితే రెండు కాపీలూ అదుపులోకి వచ్చాయి, అంటే మంచి ఐ జీన్ చేసిన పదార్థం కణంలో ఎక్కడున్న కాపీనైనా చేరగలదు. ఓసీ మ్యూటెంట్ పక్కన మంచి ఆపరేటర్ ఉన్న కాపీ పెడితే ఏ లాభమూ లేదు, ఓసీతో అదే డీఎన్ఏ పోగు మీద ఉన్న జెడ్ జీన్ ఆపకుండా పనిచేస్తూనే ఉంది, రెండో పోగు మీద ఉన్నది మాత్రం మామూలుగా అదుపులో ఉంది. తన పోగుని తప్ప వేరేదాన్ని ప్రభావితం చేయలేనిది అంటే అది తిరిగే పదార్థం అయ్యుండదు, డీఎన్ఏ మీద ఒక చోటు అయ్యుండాలి. తిరిగే పదార్థాన్ని ట్రాన్స్, డీఎన్ఏ మీది చోటుని సిస్ అని పుస్తకంలో రెండు ముక్కల్లో తేల్చేసేది ఇదే.

1961లో జాకబ్, మోనో దీన్నంతా కలిపి రాశారు, 1965లో ఆంద్రే ల్వోఫ్‌తో కలిపి నోబెల్ వచ్చింది. గమనించాల్సింది ఏంటంటే 1961 నాటికి రిప్రెసర్ ప్రోటీనా ఆర్ఎన్ఏనా అన్నది కూడా తేలలేదు, వాళ్లు ఆర్ఎన్ఏ కావచ్చనుకున్నారు. 1966లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ రేడియోధార్మిక ఐపీటీజీని (ఒక కృత్రిమ ఇండ్యూసర్) ఎరగా వేసి, దాన్ని పట్టుకునే పదార్థాన్ని వెతికి, అది ప్రోటీన్ అని చూపించారు. కష్టం ఎందుకంటే ఒక్కో కణంలో అవి పది కాపీల దగ్గర మాత్రమే ఉంటాయి.

బొమ్మ చెప్పనిది ఇంకోటి చెప్తాను. "ఆఫ్" అంటే పూర్తిగా ఆఫ్ కాదు. నిజంగా పూర్తి ఆఫ్ అయితే ఆపరాన్ ఎప్పటికీ ఆన్ అవ్వలేదు. లాక్టోజ్ లోపలికి రావడానికి పర్మియేజ్ కావాలి, అది అదే ఆపరాన్‌లో ఉన్న వై జీన్ నుంచి రావాలి. రిప్రెసర్‌ని లేపేది అసలు లాక్టోజ్ కూడా కాదు, అల్లోలాక్టోజ్. దాన్ని లాక్టోజ్ నుంచి తయారుచేసేది మళ్లీ బీటా గెలాక్టోసిడేజే! అంటే తాళం తీసే చెవి ఆ తాళం వేసిన గదిలోనే ఉంది. తలుపు ఎప్పుడూ సన్నగా తెరిచి ఉండబట్టే పని జరుగుతోంది. జెడ్ జీన్ చెడిన బ్యాక్టీరియాని లాక్టోజ్‌తో ఆన్ చేయలేరు, ఐపీటీజీతో చేయగలరు, దీనికి కారణం ఇదే.

రిప్రెసర్ లేచిపోయినా గ్లూకోజ్ ఉన్నంతసేపు పని మందంగానే ఉంటుంది. గ్లూకోజ్ తగ్గినప్పుడు సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరిగి, క్యాప్ అనే ప్రోటీన్‌తో కలిసి ప్రమోటర్ (జీన్ చదవడం మొదలయ్యే చోటు) పక్కన అతుక్కుని, ఆర్ఎన్ఏ తయారుచేసే ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌ని పిలుస్తుంది. మోనో చూసిన రెండు మెట్లకి ఇది ఒక కారణం. గ్లూకోజ్ లోపలికి వస్తున్నప్పుడు లాక్టోజ్ పర్మియేజ్‌ని అడ్డుకోవడం ఇంకో కారణం, దీన్ని చాలా క్లాసుల్లో వదిలేస్తారు.


చిన్నబ్యాండ్:

రాత్రిజెల్ గారు చెప్పిన లెక్కతో ఏకీభవిస్తాను, కానీ ఆయన అడగని ప్రశ్న ఒకటుంది, నేనైతే అన్నిటికన్నా ముందు అదే అడుగుతాను. మీ వెస్టర్న్‌లో కనపడ్డ బ్యాండ్ నిజంగా మీ ప్రోటీన్‌దేనా?

యాంటీబాడీ డబ్బా మీద జీన్ పేరు రాసి ఉన్నంత మాత్రాన అది దాన్నే పట్టుకుంటుందని నమ్మకం లేదు. పక్కన అదే సైజులో ఇంకో ప్రోటీన్‌ని పట్టుకుంటుంటే మీకు మందు ఇచ్చినా ఇవ్వకపోయినా బ్యాండ్ ఒకేలా ఉంటుంది, మీరు చెప్తున్నది సరిగ్గా అదే. ఎస్ఐఆర్ఎన్ఏతో (ఎంచుకున్న ఎంఆర్ఎన్ఏని నాశనం చేయించే చిన్న ఆర్ఎన్ఏ) ఆ జీన్‌ని తగ్గించిన కణాల శాంపిల్ ఒక లేన్‌లో పెట్టండి. బ్యాండ్ పలచబడితే అది మీదే. పలచబడకపోతే, నిలకడగా ఉండే ప్రోటీన్ కాబట్టి మూడు రోజుల దాకా ఆగి చూడండి. అప్పటికీ కదలకపోతే యాంటీబాడీ మార్చాల్సిందే. నేను ఒక ప్రాజెక్టులో నాలుగు నెలలు వేరే ప్రోటీన్‌ని కొలుస్తూ గడిపాను, ఆ బాధ ఇంకెవరికీ వద్దు.

ఇంకోటి, అదే శాంపిల్‌ని 1, అర, పావు వంతు చొప్పున పక్కపక్క లేన్లలో వేయండి. సగం వేసినప్పుడు బ్యాండ్ సగం కాకపోతే మీ సిగ్నల్ ఇప్పటికే నిండిపోయిందన్నమాట, అలాంటి బ్లాట్‌లో రెండు రెట్ల తేడా కూడా దాక్కుంటుంది.


దూరపుస్విచ్:

టెక్నిక్‌ల ప్రశ్నకి నేను ప్రయత్నిస్తాను. నేను వాటిని పేర్లతో కాకుండా రెండు గంపలుగా పెట్టుకున్నాను: చూసేవి, కెలికేవి. చూసే టెక్నిక్ కణంలో ఏముందో చెప్తుంది. కెలికే టెక్నిక్ అది లేకపోతే ఏమవుతుందో చెప్తుంది. ఈ రెండిటి మధ్య గీత చెరిగిపోయినప్పుడే పేపర్లలో తప్పుడు మాటలు పుడతాయి.

ఒక ఉదాహరణ పట్టుకుని అన్నిటినీ దాని మీద పెట్టి చూద్దాం, విడివిడిగా చెప్తే ప్రోటోకాల్ ఫైల్ లాగే ఉంటుంది.

సోనిక్ హెడ్జ్‌హాగ్ అని ఒక జీన్. పిండంలో మెదడు, వెన్ను, కాళ్లు చేతులు ఇలా చాలా చోట్ల కావాలి. కొంతమందికి పుట్టుకతో బొటనవేలి వైపు ఆరో వేలు ఉంటుంది, వాళ్లలో కొన్ని కుటుంబాల్లో ఈ జీన్ ప్రోటీన్ రాసే భాగంలో ఏ తప్పూ లేదు. మార్పు దాదాపు 10 లక్షల బేస్‌ల దూరంలో, వేరే జీన్ ఇంట్రాన్ (ఆర్ఎన్ఏ తయారయ్యాక కోసేసే భాగం) లోపల ఉంది, అదీ ఒక్క అక్షరం. ఆ చోటుని జెడ్ఆర్ఎస్ అంటారు, సుమారు 800 బేస్‌ల పొడవు. అది ఎన్‌హాన్సర్, అంటే దూరం నుంచి జీన్‌ని పైకి లేపే స్విచ్, అదీ కాళ్లు చేతులు మొలిచే చోట మాత్రమే.

ఇప్పుడు మీరు ఆ చోటుని కొత్తగా అనుమానిస్తున్నారనుకోండి. మొదటి ప్రశ్న, ఆ చోటు పిండం కాలి కణాల్లో తెరిచి ఉందా? డీఎన్ఏ మామూలుగా హిస్టోన్ల చుట్టూ, 147 బేస్‌లకి ఒక ఉండ చొప్పున చుట్టుకుని ఉంటుంది. చుట్టుకోని చోట్లలోకి దూరి కత్తిరించి అతికే టీఎన్5 ఎంజైమ్‌ని వదిలితే తెరిచి ఉన్న చోట్లు బయటపడతాయి, అదే అటాక్‌సీక్. రెండో ప్రశ్న, అక్కడ ఎవరు కూర్చున్నారు? ఫార్మాల్డిహైడ్‌తో ప్రోటీన్లని డీఎన్ఏకి అతికించేసి, ముక్కలు చేసి, యాంటీబాడీతో ఒక ప్రోటీన్‌ని లాగితే దానితో పాటు వచ్చే డీఎన్ఏ ముక్క చెప్తుంది. అదే చిప్. చిన్నబ్యాండ్ గారు యాంటీబాడీ గురించి చెప్పింది ఇక్కడ రెండింతలు వర్తిస్తుంది. ఆ ప్రోటీన్ ఎవరి సాయం లేకుండా నేరుగా ఆ సీక్వెన్స్‌నే పట్టుకుంటుందా అన్నది ఇంకో ప్రశ్న, దానికి జెల్ షిఫ్ట్: ప్రోటీన్ అతుక్కున్న డీఎన్ఏ జెల్‌లో నెమ్మదిగా నడుస్తుంది, ఒక్క అక్షరం మార్చితే ఆ పట్టు పోతుందో లేదో ట్యూబ్‌లోనే చూడొచ్చు.

ఇంతవరకూ చూడటమే. తెరిచి ఉంది, ప్రోటీన్ కూర్చుంది అన్నంత మాత్రాన అది ఆ జీన్‌ని నడుపుతోందని అర్థం కాదు. ఈ మాట గోడ మీద రాసి పెట్టుకోండి, ప్రోటీన్లు ఏ పనీ జరగని చోట్ల కూడా బోలెడన్ని కూర్చుంటాయి.

రిపోర్టర్ అంటే ఆ 800 బేస్‌ల ముక్కని తీసి, సులభంగా కనపడే ఒక జీన్ ముందు అతికించడం. కణాల్లో అయితే మిణుగురు పురుగు లూసిఫరేజ్ వాడి వెలుగు కొలుస్తారు. ఎలుక పిండంలో అయితే చాలామంది వాడేది లాక్ జెడ్, నీలికాలనీ గారు చెప్పిన ఆ జీనే! ఎక్స్‌గాల్ వేస్తే అది పనిచేసిన చోట నీలం రంగు వస్తుంది. జెడ్ఆర్ఎస్ ముక్కతో చేస్తే మొలుస్తున్న కాళ్లు చేతుల వెనక అంచు మాత్రం నీలంగా మారుతుంది, మిగతా పిండం తెల్లగా ఉంటుంది. ఆ ఫోటో మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ గుర్తుంది. రిపోర్టర్ చెప్పేది ఏంటంటే ఈ ముక్క ఒక్కటే ఈ పనికి సరిపోతుందని. అసలు జీనోమ్‌లో ఇది లేకపోతే పని ఆగుతుందా అన్నది చెప్పదు.

దానికి ముక్కని జీనోమ్‌లోంచే తీసేయాలి. ఎలుకల్లో జెడ్ఆర్ఎస్ తీసేస్తే కాళ్లు చేతులు పూర్తిగా ఎదగవు, మిగతా అవయవాల్లో ఆ జీన్ మామూలుగానే పనిచేస్తుంది. 2016లో ఇంకో అడుగు వేశారు, క్రిస్పర్‌తో (డీఎన్ఏని కోరుకున్న చోట కోసే పద్ధతి) ఎలుక జెడ్ఆర్ఎస్ తీసి దాని స్థానంలో పాము జెడ్ఆర్ఎస్ పెట్టారు. ఆ ఎలుకలకి కాళ్లు మొండిగా మిగిలిపోయాయి. పాములో పోయిన 17 బేస్‌లని ఆ ముక్కలో తిరిగి పెడితే కాళ్లు మళ్లీ వచ్చాయి. చూడటం, సరిపోతుందని చూపడం, తీస్తే పోతుందని చూపడం, తిరిగి పెడితే వస్తుందని చూపడం, ఈ నాలుగూ ఒకే చోట పూర్తయిన కథలు తక్కువ, అందుకే కొత్తవాళ్లకి ఎప్పుడూ ఇదే చెప్తాను.

కోయకుండా కెలకడం కూడా ఉంది. క్రిస్పర్‌లో కోసే పని చేసే క్యాస్9 ప్రోటీన్‌కి కత్తిరించే శక్తి తీసేసి, దానికి జీన్‌ని మూసే ప్రోటీన్ భాగాన్ని తగిలించి ఎన్‌హాన్సర్ మీదకి పంపితే, డీఎన్ఏ ఒక్క అక్షరం మారకుండా ఆ స్విచ్ నొక్కుకుపోతుంది.

ఇదంతా ల్యాబ్ గోడలకే పరిమితం అనుకోకండి. 2023 చివర్లో బ్రిటన్, అమెరికాల్లో అనుమతి వచ్చిన సికిల్ సెల్ క్రిస్పర్ చికిత్స తప్పు ఉన్న హీమోగ్లోబిన్ జీన్‌ని ముట్టుకోదు. పుట్టాక పిండ దశ హీమోగ్లోబిన్‌ని ఆపేసే బీసీఎల్11ఏ అనే జీన్ ఉంది, దాన్ని ఎర్ర రక్తకణాల వరుసలో మాత్రమే లేపే ఎన్‌హాన్సర్‌ని కోస్తారు. ఆ జీన్‌నే కోసేస్తే వేరే రక్తకణాలకి దెబ్బ, వాటికీ అది కావాలి. స్విచ్‌ని కోస్తే ఒక్క కణరకంలోనే ఆగుతుంది, పాత హీమోగ్లోబిన్ తిరిగి వస్తుంది. జీన్ రెగ్యులేషన్ ఎందుకు చదవాలి అని ఎవరైనా అడిగితే నేను ఇది చూపిస్తాను.


కొత్తవిత్తు:

పన్నెండు రోజుల తర్వాత వస్తున్నా, అందరికీ మనస్ఫూర్తిగా థ్యాంక్స్. చెప్పినవన్నీ చేశాను.

నిజం చెప్పాలంటే మూడుసార్లూ ఒకే ఆర్ఎన్ఏ ట్యూబ్ నుంచే చేశాను. ఈసారి మూడు వేరు రోజుల్లో పెంచిన కణాలతో మొదట్నుంచీ చేశాను. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ లేని కంట్రోల్‌లో 36వ సైకిల్ దాకా ఏమీ రాలేదు, అసలు శాంపిల్ 24 దగ్గర వస్తోంది, అంటే 12 సైకిళ్ల తేడా, డీఎన్ఏ కల్తీ నాలుగు వేలల్లో ఒక వంతు కూడా లేదు. కానీ రిఫరెన్స్ జీన్ దగ్గర దొరికిపోయాను. ఇంకో రెండు రిఫరెన్స్ జీన్లు కలిపి చూస్తే, నేను మొదట వాడినది మందు వల్ల సుమారు ఒక సైకిల్ వెనక్కి జరుగుతోంది, అంటే అదే సగానికి పడిపోతోంది. దాన్ని సరిచేస్తే నా జీన్ పెరిగింది నాలుగు రెట్లు కాదు, రెండు రెట్లు.

ఎస్ఐఆర్ఎన్ఏ లేన్‌లో బ్యాండ్ బాగా పలచబడింది, కాబట్టి యాంటీబాడీ సరైనదే. 6 గంటల దగ్గర ప్రోటీన్‌లో తేడా ఇప్పటికీ లేదు. 48 గంటల దగ్గర మాత్రం పలచన చేసిన లేన్లతో పోల్చి చూస్తే ఒకటిన్నర రెట్ల దగ్గర ఉంది, మూడు బ్యాచ్‌ల్లోనూ. ఆ బ్లాట్ చూసినప్పుడు మొదటి రోజు కన్నా ఎక్కువ సంతోషమేసింది.

ఇప్పుడు ఇంకో ప్రశ్న వచ్చింది. ఎంఆర్ఎన్ఏ రెండింతలైంది అంటే జీన్ ఎక్కువ పనిచేస్తోందనేనా? దూరపుస్విచ్ గారు చెప్పిన ఎన్‌హాన్సర్ వైపు వెళ్లాలా?


రాత్రిజెల్:

చాలా బాగా చేశారు. ఇంత శ్రద్ధగా తిరిగి వచ్చి చెప్పినందుకు నాకు నిజంగా ఆనందంగా ఉంది.

ఎన్‌హాన్సర్ వైపు ఇంకా వెళ్లకండి. ఎంఆర్ఎన్ఏ రెండింతలు అవడానికి దారులు రెండు, తయారీ పెరగొచ్చు లేదా నాశనం తగ్గొచ్చు. క్యూపీసీఆర్ ఈ రెండిటినీ విడదీయలేదు. మందు కేవలం ఎంఆర్ఎన్ఏని ఎక్కువసేపు బతికిస్తోంది అనుకోండి, మీరు ప్రమోటర్, ఎన్‌హాన్సర్ అంటూ ఏడాది వెతికినా ఏమీ దొరకదు.

సులభమైన దారి, ఇంట్రాన్ మీద ప్రైమర్లు డిజైన్ చేయండి. ఇంట్రాన్ ఉన్న ఆర్ఎన్ఏ అంటే ఇంకా స్ప్లైసింగ్ (ఇంట్రాన్లని కోసేసి మిగతాది అతకడం) అవ్వని, అప్పుడే తయారైన ఆర్ఎన్ఏ. అదీ రెండింతలైతే తయారీ పెరిగినట్టు. అది కదలకుండా పూర్తయిన ఎంఆర్ఎన్ఏ మాత్రమే పెరిగితే నాశనం తగ్గినట్టు అనుమానించాలి. రెండో దారి ఆక్టినోమైసిన్ డీ వేసి ట్రాన్స్‌క్రిప్షన్ (డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ తయారీ) మొత్తం ఆపేసి, మందు ఉన్నప్పుడూ లేనప్పుడూ మీ ఎంఆర్ఎన్ఏ ఎంత వేగంగా పడిపోతుందో గంట గంటకీ కొలవడం. అది కణాలకి విషం, కొన్ని గంటలకి మించితే వచ్చే అంకెల్ని నమ్మలేం, అందుకే నేను ఇంట్రాన్‌తో మొదలుపెట్టమంటాను. ప్రోటీన్ హాఫ్ లైఫ్ కూడా ఊహించుకోవడం ఎందుకు, సైక్లోహెక్సిమైడ్‌తో కొత్త ప్రోటీన్ తయారీ ఆపి అదే రకంగా కొలిచేయొచ్చు, అదీ విషమే కాబట్టి 24 గంటలు దాటించకండి.

ఒక్క జాగ్రత్త. మామూలు ప్రైమర్లని రెండు ఎక్సాన్లు (ఇంట్రాన్లు పోయాక మిగిలే భాగాలు) కలిసే చోట పెడితే జీనోమిక్ డీఎన్ఏ నుంచి రక్షణ ఉంటుంది, ఇంట్రాన్ ప్రైమర్లకి ఆ రక్షణ లేదు, డీఎన్ఏ మీద కూడా అవి అంతే బాగా పనిచేస్తాయి. పైగా ఇంట్రాన్ ఉన్న ఆర్ఎన్ఏ చాలా తక్కువ ఉంటుంది, 24 దగ్గర కాదు, 30 దగ్గర రావొచ్చు. మీ కంట్రోల్ ఇక్కడా 36 దగ్గరే ఉన్నా తేడా ఆరు సైకిళ్లే మిగులుతుంది. ఆర్ఎన్ఏని డీఎన్ఏజ్‌తో (డీఎన్ఏని ముక్కలు చేసే ఎంజైమ్) ఇంకోసారి శుభ్రం చేసి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ లేని కంట్రోల్‌ని ప్రతి శాంపిల్‌కీ విడిగా పెట్టండి, ఒకటి రెండిటికి పెట్టి వదిలేయకండి.